కూనిరాగం తీయని పాట

ప్రియమైన అక్కకు,

మేం నలుగురం సామానుతో సహా క్షేమంగా చేరాం. మన కళ్ళజోడు తన బేస్ గిటారు పెట్టెను ఎవరి చేతికీ ఇవ్వక దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి బస్సు దిగగానే చతికిలబడ్డాడు. గది పరవాలేదు. నీ లాండ్రీ మీద గదిలో ఉన్నన్నాళ్ళూ కిందనుంచి ఆవిరి కొడుతోందని సణిగేవాణ్ణి కదా, ఇక్కడ కింద టైర్ల కొట్టు ఉంది. ఈ రబ్బరు కంపుకి నీ ఆవిరే నయమనిపిస్తోంది. బృందం పేరేమిటని రికార్డు కంపెనీవాళ్ళు అడిగితే, డ్రమ్ముల ముందు తప్ప ఎక్కడా నోరు విప్పని మన దరువు ఠక్కున "మేడమీది నలుగురు" అనేశాడు. మీ షాపులో ఆడవాళ్ళు మమ్మల్ని పిలిచే పేరే ఇప్పుడు కాగితాలకెక్కింది.

అసలు సంగతికొస్తాను. ఈ ఉత్తరంతో ఒక క్యాసెట్ పంపుతున్నాను. అందులో ఐదు పాటలున్నాయి, మూడు నేను కట్టినవి, రెండు మన గిటారు పొడుగు కట్టినవి. అన్నీ రికార్డులో పట్టవు. ఏవి ఉంచాలో ఇక్కడ తేలడం లేదు. మేడ మీద ఉన్నప్పుడు ఈ బాధ ఉండేది కాదు. పొద్దున ఒక్కసారి వాయించేవాళ్ళం, సాయంత్రంలోగా కింద ఇస్త్రీ చేసేవాళ్ళలో ఎవరైనా కూనిరాగం తీస్తే ఆ పాట ఉంచేవాళ్ళం, తీయకపోతే మళ్ళీ దాని జోలికి పోయేవాళ్ళం కాదు. ఇక్కడ స్టూడియోలో అందరూ సంగీతం తెలిసినవాళ్ళు. ఏది వినిపించినా తల ఊపుతారు. ఆ ఊపుళ్ళని నేనేం చేసుకోను?

అందుకని ఆ పరీక్ష నువ్వే పెట్టాలి. పొద్దున షాపు తెరిచాక టేపు రికార్డర్‌లో ఒక్కసారి వెయ్యి. రెండోసారి వెయ్యకు. ఏది ఎవరి పాటో వాళ్ళకి చెప్పకు. సాయంత్రందాకా చెవులు రిక్కించి విని, ఎవరు ఏ పాట కూనిరాగం తీశారో రాయి. బావని మాత్రం కలపొద్దు. ఆయనకి అన్ని పాటలూ ఒకే రాగంలో వస్తాయి.

పొడుగు నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. ఈ పరీక్షమీద నాకంటే వాడికే నమ్మకం ఎక్కువ. చేతిలో వేడి ఇస్త్రీపెట్టె ఉన్న మనిషికి మొహమాటాలుండవని, నచ్చితేనే నోట వస్తుందని వాడి వాదన. ఈసారి మాత్రం కాస్త గాభరాగా ఉన్నాడు. అందులో గడప పాట అని ఒకటుంది. తన ఇంటి గడప మీద నిలబడి, తను వస్తున్నాడో వెళ్తున్నాడో తనకే తెలియని మనిషి పాట. ఏడాదిగా దాన్ని చెక్కుతూనే ఉన్నాడు.

త్వరగా రాయి. బావకి నమస్కారాలు.

నీ ముద్దుల తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి అక్క ఆశీస్సులతో రాసేది,

నీ క్యాసెట్ అందింది. మీ బావ దాన్ని పోస్టాఫీసునుంచి తెచ్చి వ్యాన్ సీటు కింద పడేసి మర్చిపోయారు. రెండు రోజులు ఊరంతా తిరిగి వచ్చింది పాపం. వెతికి తీసి, నువ్వు చెప్పినట్టే వేశాను. హోటలు దుప్పట్లు వచ్చే రోజు చూసి మరీ వేశాను, బల్లల దగ్గర అందరూ ఉంటారని.

నీ గుండీల పాట పూర్తి కాకముందే మన నవ్వులావిడ అందుకుంది. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి అదేమీ గొప్ప కాదనుకో. కాసేపటికి బొంగురమ్మ కూడా కలిపింది చూడు, అదీ గొప్ప. ఆవిడ గొంతు సంగతి నీకు తెలుసుగా, తలుపు కిర్రుమన్నట్టుంటుంది, సిగ్గుతో ఎక్కడా పాడదు. మీరు వెనక ఒక కింది గొంతు పెట్టారే, పొడుగు పాడే వరస, అది పట్టుకుని హాయిగా సాగింది. పై గొంతు అందనివాళ్ళకి నిలబడ్డానికి చోటు ఇచ్చారు మీరు. మధ్యాహ్నానికి మూడు బల్లలమీదా అదే పాట. బస్సు పాట సాయంత్రం మడతలు పెట్టే ఆవిడ తీసింది. నీ మూడోది మీ బావ తీశారు, కాబట్టి అది లేనట్టే.

పొడుగు పాటలు రెండూ ఎవరూ తీయలేదు. గడప పాట సాయంత్రందాకా ఒక్కరి నోటా రాలేదు. వాడికి మెల్లగా చెప్పు.

ఇక్కడ మిగతా సంగతులు మామూలే. ఆ పొద్దునే బొంగురమ్మ ఒక హోటలు దుప్పటి మాడ్చిపెట్టింది. నా దగ్గర చేరాక ఎన్నడూ లేదు. ఇస్త్రీపెట్టె దుప్పటిమీద ఆనించి అలాగే నిలబడిపోయింది. హోటలు మేనేజరు ముందు నేను తల దించుకోవాల్సి వచ్చింది. పోనీలే, నీ పాట నెగ్గిన సంతోషంలో దాన్నీ మర్చిపోయాను. మన అమ్మ కడుపున పుట్టినవాడు కట్టిన పాట మూడు బల్లలమీద మోగుతుంటే ఎవరికి ఉండదు చెప్పు.

వేళకి తిను. చలికి గొంతు జాగ్రత్త.

అక్క


ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, పడతాను. నిజంగానే తీరిక లేదు. గుండీల పాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మొన్న బస్సులో కండక్టరు టిక్కెట్లు చింపుతూ అదే తీస్తున్నాడు. నా మొహం చూసి కూడా గుర్తుపట్టలేదు, చిల్లర లేదని కసిరాడు. దిగేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను.

మీరెందుకింత పేరు తెచ్చుకున్నారని రేడియోనుంచి ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు. కళ్ళజోడు తల గోక్కున్నాడు. నేను నాకు తోచింది చెప్పాను. మా మాటలు బస్సులు, గుండీలు, తాళంచెవులు, అందరి జేబుల్లో ఉండేవే. పై గొంతు ఒకరిది, కింది గొంతు ఒకరిది, మధ్యలో వినేవాడు దూరడానికి సందు ఉంటుంది. ఇంకాస్త ఉంటే బావుండు అనిపించేచోట ఆపేస్తాం. నలుగురిలో ఎవరికి నచ్చినవాణ్ణి వాళ్ళు ఎంచుకుంటారు, ఒక ఇంట్లో అక్కకి నేను నచ్చితే, చెల్లెలికి దరువు. ఆ దరువు కొట్టే వరస ఏ అడవి నాట్యంలోంచి తెచ్చారని కూడా అడిగాడాయన. ఒకసారి దబ్బున పెట్టి, రెండుసార్లు సర్రున లాగడం, అది నీ షాపులో ఇస్త్రీ చప్పుడని చెబితే నమ్మలేదు. ఇప్పుడు ఇంకో రెండు బృందాలవాళ్ళు ఆ చప్పుడే కొడుతున్నారు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే.

నీ పోయిన ఉత్తరం గురించి ఒకటి చెప్పాలి. పొద్దున కాఫీ తాగుతూ నలుగురం కూర్చుంటే నేనే పైకి చదివాను. గడప పాట ఒక్కరి నోటా రాలేదన్న చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించి, బాధగా చదివాను. కానీ అక్కా, లోపల ఎక్కడో తేలిగ్గా అనిపించింది. ఆ పాట నా పాటలకంటే బాగుందేమోనని ఏడాదిగా నాకు అనుమానం. అది పోయిందనేసరికి మోస్తున్న బస్తా ఎవరో దించినట్టయింది. వెంటనే నామీద నాకే అసహ్యం వేసింది. పొడుగు మాత్రం సరే, పరీక్ష పరీక్షేగా అని కప్పులు కడగడానికి లేచాడు. ఆ రోజు కడిగే వంతు నాది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకు చెబితే కాస్త తగ్గుతుందని రాస్తున్నాను. ఇంకో క్యాసెట్ పంపుతున్నాను, ఇందులోనూ ఇద్దరి పాటలూ ఉన్నాయి. మళ్ళీ అలాగే విని రాయి.

నీ ముద్దుల తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

ఇప్పుడు మన వీధిలో నేను పెద్దమనిషిని. మేడమీది నలుగురిలో ఒకడికి అక్కనని తెలిసి, చొక్కాలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు చొక్కాలు మర్చిపోయి పైకి చూస్తున్నారు. మెట్లెక్కి ఆ గది చూస్తామంటారు. ఖాళీ సబ్బు డబ్బాలు తప్ప ఏమీ లేవన్నా వినరు. ఎవరో ఒకావిడ మీరు కూర్చున్న చాప అడిగింది. అది మీ బావ వ్యాన్‌లో పరిచారు, నూనె మరకలున్నాయన్నా ఫరవాలేదంది. ఇవ్వలేదులే.

రెండో క్యాసెట్ వేశాను. నీవి రెండు పాటలు అందరూ తీశారు. అద్దెగది పాట అయితే మర్నాడు కూడా తీశారు. నీ ఇంకో పాట, ఆ నీళ్ళ పాట, ఎవరూ తీయలేదు. పొడుగువి ఎవరూ తీయలేదు.

ఇక్కడ ఒక మాట అడగనా? తీయకపోవడం అన్నిసార్లూ ఒకేలా ఉండదు తమ్ముడూ. నీ నీళ్ళ పాట వస్తుంటే వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పని చేసుకున్నారు, పాట ఉందన్న ధ్యాసే లేదు. పొడుగు పాట వచ్చినప్పుడు కూడా ఎవరూ తీయలేదు. కానీ అది వేరుగా ఉంది. పోయినసారి గడప పాటకీ అంతే. ఎలా ఉందో అది కూడా రాయమంటావా, లేక కూనిరాగం సంగతి ఒక్కటే చాలా? నువ్వెలా చెబితే అలా చేస్తాను. నాకు సంగీతం తెలీదు, పరీక్ష పెట్టింది నువ్వు.

నువ్వు ఆ ఉత్తరంలో రాసింది చదివి నాకు భయం వేసింది. నీ మనసులో ఉన్నదే నా మనసులోనూ ఉంది కాబట్టి.

అక్క


అక్కకు,

ఊళ్ళు తిరుగుతున్నాం, రెండు ముక్కలే రాస్తాను. కూనిరాగం ఒక్కటే చాలు. నియమం అన్నాక ఒకటే ఉండాలి. ఎవరు ఎలా నిలబడ్డారు, ఎవరు ఎలా చూశారు అని మొదలుపెడితే ఇక దానికి అంతుండదు. తీశారా, లేదా, అంతే. మూడో క్యాసెట్ వస్తోంది. అందులో పొడుగుది ఒకటే ఉంది.

తమ్ముడు


ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. ఫలానా పాట తీశారు, ఫలానాది తీయలేదు, మేం బాగున్నాం. ఇంతే రాస్తున్నావు. కోపమా అని అడగడానికి కూడా నాకు మొహం లేదు. ఇప్పుడు అసలు సంగతి రాయక తప్పడం లేదు.

పొడుగు వెళ్ళిపోయాడు.

పోట్లాట ఏమీ జరగలేదు. కొన్ని నెలల కిందటి మాట, నాలుగు దేశాలు తిరిగి వచ్చాం, రికార్డు పని మొదలుపెట్టాలి. ఆ పొద్దున స్టూడియోకి వెళ్ళేసరికి మా వాద్యాలన్నీ శ్రుతి చేసి ఉన్నాయి. నాది, కళ్ళజోడుది కూడా. వాడే ముందుగా వచ్చి చేసి, గేటు దగ్గర దరువు ఎదురుపడితే "ఇక నావల్ల కావట్లేదురా, వెళ్తున్నా" అన్నాట్ట. ఎక్కడికని దరువు అడగలేదు. కాఫీకేమో అనుకున్నాట్ట. వాడి తెలివి అంతే, ఏమంటాం.

ఈ మధ్య వాడు పాటలు కట్టడం మానేశాడు. అడిగితే, మన ఇస్త్రీ ఆడవాళ్ళకి పట్టని పాట ఎవరికి పడుతుంది అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. వాడు కింది గొంతు పాడుతూ, గిటారు వాయిస్తూ, నా పాటల వెనక నిలబడ్డాడు ఇన్నాళ్ళూ. నేను ముందు నిలబడ్డాను. ఇప్పుడు ఆ కింది గొంతుకి ఒక కొత్తవాణ్ణి పెట్టారు. అచ్చం వాడిలాగే పాడతాడు, జనం తేడా పట్టలేదు. నాకు మాత్రం పాడుతూ పాడుతూ పక్కకి చూడాలంటే భయంగా ఉంది.

మేమెందుకింత గొప్పవాళ్ళమయ్యామో ఒక పెద్దాయన పుస్తకమే రాశాడు. ఫ్యాక్టరీలు పెరిగాయట, యువతకి చేతిలో రేడియోలు వచ్చాయట, పాత పాటలు వాళ్ళకి ఇరుకయ్యాయట, సరిగ్గా ఆ వేళకి మేం తగిలామట. నిజమే కావచ్చు. చదువుతుంటే మా నలుగురికీ సంబంధంలేని సంగతిలా ఉంది. ఇప్పుడు నలుగురం కూడా కాదు.

ఇంకొకటి. కొత్త రికార్డు వెనకవైపు ఒక పాట జాగా మిగిలిపోయింది. కట్టడానికి నాకు చేతకాలేదు. కంపెనీవాళ్ళు బీరువా వెతికి, మొదట్లో పొడుగు పాడి పెట్టిన గడప పాట టేపు తీశారు. అది పరీక్షలో పోయిన పాట అని చెప్పాను. వెనకవైపు చివర ఎవరు వింటారులే అని ఎక్కించేశారు. నేను గట్టిగా వద్దనలేదు, కావాలనీ అనలేదు. నా సంగతి నీకు తెలుసుగా.

వాడి నుంచి నీకేమైనా ఉత్తరం వస్తే చెప్పు.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

ఎన్నేళ్ళ కిందటో అడిగావు, పొడుగు దగ్గరనుంచి నాకు ఉత్తరం ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్ళలో నేను నీకు పండక్కో పబ్బానికో రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఈరోజు తీరిగ్గా కూర్చున్నాను, మీ బావని భోజనం ఆయన్నే వడ్డించుకోమన్నాను. ఉత్తరం పెద్దదవుతుంది.

నువ్వు పాడటం మానేసి చాలాకాలమైనా ఇక్కడికి జనం రావడం మానలేదు. అయితే వచ్చేవాళ్ళు మారారు. ముందు వచ్చినవాళ్ళు గుండీల పాట పాడుకుంటూ వచ్చి, మెట్లు చూసి, సంతోషంగా వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు వచ్చేవాళ్ళ భుజాన గిటార్లుంటున్నాయి. ఎక్కువ మాట్లాడరు. అందరూ అడిగేది ఒకటే, గడప పాట కట్టినాయన ఏ మూల కూర్చునేవాడని. మొన్న ఒకమ్మాయి వచ్చింది. తనకో బృందం ఉందట, బాగా పేరున్నదేనట. మీ పాటలన్నీ చిన్నప్పుడే నోటికొచ్చేశాయంది. అయితే తను సొంతంగా పాట కట్టాలనుకుంది మాత్రం రికార్డు తిప్పి వెనకవైపు చివరి పాట విన్న రోజేనట. అది విన్నాక పాటలో అలాంటి మాట కూడా చెప్పొచ్చని తెలిసిందంది. తనకి తెలిసిన బృందాలవాళ్ళందరిదీ అదే కథ అంది. నేను కిటికీ పక్క మూల చూపించాను. ఆ అమ్మాయి అక్కడ నేలమీద కూర్చుని కాసేపు లేవలేదు. నేను కిందికొచ్చి లెక్కలేనన్ని సార్లు అదే చొక్కా మడత పెట్టాను.

ఇప్పుడు విను. ఆ రోజు క్యాసెట్లో గడప పాట వచ్చినప్పుడు ఏం జరిగిందో నేను నీకు రాయలేదు. పాట మొదలైన కాసేపటికి ఇస్త్రీపెట్టెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నవ్వులావిడ మొహంలో నవ్వు లేకుండా నేను చూసింది ఆ ఒక్కరోజే. మడతలావిడ దుప్పటి కొస గుండెకి ఆనించుకుని నిలబడింది. బొంగురమ్మ దుప్పటి మాడ్చిందని రాశాను చూడు, మాడింది ఆ పాటకే. పెట్టె చేతిలో ఉందని మర్చిపోయింది. కమురు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. పక్కనే ఉన్న నాకూ తెలియలేదు.

పాట అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం బొంగురమ్మ సెలవడిగింది. చాన్నాళ్ళుగా మాటల్లేని చెల్లెలి ఇంటికి వెళ్ళి చూసొస్తానంది. సాయంత్రం పోతూ పోతూ నవ్వులావిడ నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ పాట ఇంకొక్కసారి వెయ్యవా" అని అడిగింది. రెండోసారి వెయ్యకూడదని మా తమ్ముడు చెప్పాడన్నాను. క్యాసెట్ తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. తర్వాత కూర్చుని నీకు ఉత్తరం రాశాను. ఒక్కరి నోటా రాలేదని.

అందులో అబద్ధం లేదు. అందుకే ఇన్నేళ్ళు నాకు నేను సర్దిచెప్పుకోగలిగాను. వాళ్ళు పాడలేదు, పాడలేదని రాశాను, నా తప్పేముంది అని. నాకు కావలసింది నీ పాట నెగ్గడం. పొడుగు నన్ను అక్కా అనే పిలిచేవాడు, వానాకాలంలో తడి దుప్పట్లు మేడమీదికి మోసిపెట్టేవాడు, నువ్వు ఒక్కనాడూ మోయలేదు. అయినా నేను నీ పక్షానే చెవులు పెట్టుకు కూర్చున్నాను. రెండోసారి నిన్ను అడుగుతూ రాశాను చూడు, ఆ అడగడంలో కూడా దొంగతనం ఉంది. వద్దను, వద్దను అని లోపల అనుకుంటూ అడిగాను. నువ్వు వద్దన్నావు. హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు నాకు ముద్ద దిగడం లేదు తమ్ముడూ. తన పాట ఎవరికీ పట్టలేదనుకుంటూ వాడు ఎక్కడో బతుకుతున్నాడు. వాడు ఎక్కడున్నాడో కనుక్కో. ఉత్తరం రాయకు, నువ్వే వెళ్ళు. షాపులో ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

అక్క


అక్కకు,

వెళ్ళాను. చూశాను. వచ్చి మూడు రోజులైనా నీకు రాయలేకపోయాను.

దరువుకి వాడి ఆచూకీ మొదటినుంచీ తెలుసట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు. చెప్పాగా, వాడి తెలివి అంతే. పొడుగు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. వీధిలోకి ఒక గాజు తలుపు, లోపల గోడకంతా బెల్టులు, చక్రాలు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు మీద ఉన్న మిషన్ పైభాగం కిందపెట్టి నాకు స్టూలు ఇచ్చాడు. తల నెరిసింది, నడుం కాస్త వంగింది. మనం పొడుగు అంటే నవ్వుతారేమో ఇప్పుడు. పాటలు కడుతున్నావా అని అడిగాను. మిషన్లు బాగుచేస్తున్నానన్నాడు.

తన పాట గురించి వాడికి తెలుసు. పేపర్లు చూస్తాడు, కుర్రవాళ్ళు వెతుక్కుంటూ వస్తే తను కాదని పంపేస్తాడట. నేను నువ్వు రాసినదంతా చెప్పాను. పెట్టెలు ఆగిపోవడం, దుప్పటి మాడడం, చెల్లెలి ఇల్లు, నవ్వులావిడ మళ్ళీ వెయ్యమని అడగడం. వాడు చేతిలో ఉన్న నూనెగుడ్డ మడత పెడుతూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి, "బొంగురమ్మా?" అని మాత్రం అన్నాడు. అంతా అయ్యాక, పరీక్షలో తప్పు జరిగిందని, ఆ తప్పుకే వాడు వెళ్ళిపోవలసి వచ్చిందని, అక్క తిండి మానేసి ఏడుస్తోందని చెప్పాను. చూశావా, అక్కడ కూడా నిన్నే ముందు పెట్టాను.

అప్పుడు వాడన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పాట పోయిందని వెళ్ళలేదురా. ఒకటి పోతే ఇంకోటి కట్టుకునేవాణ్ణి. అక్క ఉత్తరం పైకి చదువుతున్నప్పుడు నీ మొహం చూశాను. మొదటిసారి పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. రెండోసారీ చూశాను. మూడోసారి నువ్వు చదవకముందే తెలిసిపోయింది. నా పాట ఓడితే సంతోషించే మనిషి పక్కన నిలబడి కింది గొంతు ఎన్నాళ్ళు పాడను?"

గొంతు పెంచలేదు. బిల్లు చెప్పినట్టు చెప్పాడు. నేను ఆ రోజుల్లో చాలా బాధగా మొహం పెట్టాననుకున్నాను అక్కా. అందరినీ నమ్మించాననుకున్నాను. వాడు కప్పులు కడగడానికి లేచింది నా మొహం చూడలేక. నాకు అది నా వంతు పని వాడు చేశాడన్నంతవరకే తోచింది.

క్షమించమన్నాను. ఆ మాట నాకే చిన్నదిగా వినిపించింది.  ఎవరో ఆవిడ మిషన్ కోసం వస్తే వాడు ఆవిడతో సూది సంగతి మాట్లాడి, డబ్బు తీసుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నీమీద కోపం లేదన్నాడు. అక్క ఎవరి అక్కో ఆ మాత్రం నాకు తెలియదా అన్నాడు.

మా బృందం ఎందుకింత పేరు తెచ్చుకుందని రేడియో ఆయన మొన్న మళ్ళీ అడిగించాడు, ఈసారి ఆయన కొడుకు చేత. ఇప్పుడైతే నాకు జవాబు తెలుసు. జనం నోట పట్టే పాటలు ఏరుకున్నాం కాబట్టి పేరొచ్చింది. జనం నోరు కట్టేసిన పాటని పారేశాం. కంపెనీవాళ్ళు జాగా నింపుకోవడానికి దాన్ని తీసి పెట్టబట్టి ఆ పేరు ఇంకా నిలిచి ఉంది. ఆ రెండోదానిలో నా చెయ్యి లేదు. అది పరీక్షలో పోయిన పాట అని చెప్పి అడ్డుపడబోయాను కూడా. ఇది రేడియోలో చెబుతానని పొడుగుతో అన్నాను. నీ ఇష్టం, నాకోసమైతే వద్దన్నాడు.

లేచేముందు ఒకటే అడిగాడు. షాపులో ఆ రోజు సంగతి నేను చెబితే వాడికి నమ్మబుద్ధి కావడం లేదట. "నువ్వు చదివినవి చాలా విన్నాన్రా. అక్కని నాకు రాయమను" అన్నాడు.

అందుకని అక్కా, ఆ పొద్దుటి ఉత్తరం మళ్ళీ రాయి. ఆ రోజు రాయవలసినట్టుగా రాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఏం అడిగారో, గుర్తున్నదంతా. రెండో క్యాసెట్లో పాటల సంగతీ, మూడోదాని సంగతీ రాయి, అవి నేను కూడా అడగలేదు. నా గురించి రాయాల్సింది ఉంటే అదీ రాయి. వాడి చిరునామా ఈ కాగితం వెనక ఉంది. నేరుగా అక్కడికే పంపు. నాకు నకలు పంపకు.

తమ్ముడు